చేను కాచే మంచె.. కుదురుగా కడితేనే రక్ష

గుంజల ఎంపికలోనే సగం బలం
కరెంటు తీగల కన్నా కావలే మేలు

ఆరుగాలం శ్రమించిన పంట చేతికందే వేళ రైతుకు కంటిమీద కునుకు ఉండదు. పగలు పిచ్చుకలు, చిలుకలు జొన్న, సజ్జ కంకులపై వాలతాయి. రాత్రయితే అడవి పందుల మందలు మొక్కజొన్న, వేరుశనగ చేలపై పడతాయి. అవి తినేది కొంతే, తొక్కి పాడుచేసేది అంతకు మించి ఉంటుంది. నల్లమల అంచు పల్లెల నుంచి ఆదిలాబాద్ అటవీ ప్రాంతం వరకు రైతుల గోడు ఇదే.

ఈ బెడదకు పూర్వం నుంచీ ఉన్న ఉపాయం మంచె. నాలుగు గుంజలు, వాటిపై బొంగుల పరుపు, ఎక్కేందుకు నిచ్చెన, నీడకు తాటాకు కప్పు.. ఇంతే దాని నిర్మాణం. పైనుంచి చేను నలుమూలలా కనిపిస్తుంది. వడిసెల రాయి దూరం పోతుంది. పాములు, తేళ్ల భయం తగ్గుతుంది. అయితే రాత్రి కావలికి మనుషులు దొరకక చాలాచోట్ల మంచెలు కనుమరుగయ్యాయి. కొందరు చేను చుట్టూ తీగ లాగి నేరుగా కరెంటు వదులుతున్నారు. పంది కోసం పెట్టిన తీగ మనిషినీ, పశువునూ వదలదు. చీకట్లో నీరు పెట్టేందుకు వెళ్లిన పొరుగువారు, కొన్నిచోట్ల తీగ అమర్చిన రైతులే దానికి బలైన ఉదంతాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. లైనుకు కొక్కెం తగిలించి కరెంటు వాడటం 2003 నాటి విద్యుత్ చట్టం ప్రకారం చౌర్యమే. అడవి పందికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ప్రాణాలు తీసే తీగ కన్నా ప్రాణం నిలిపే మంచె మేలని వేరే చెప్పనక్కరలేదు. కాకపోతే అదీ కుదురుగా కట్టుకోవాలి. ఏడడుగుల ఎత్తు నుంచి పడితే నడుము విరగడానికి అది చాలు.

స్థలం చూసుకోవడం ఇలా..

చేనులో కాస్త మెరక స్థలాన్ని ఎంచుకోవాలి. నీరు నిలిచే చోట గుంజ మొదలు త్వరగా కుళ్లుతుంది. కరెంటు లైన్ల కింద, వాటి పక్కన మంచె వేయరాదు. ఎత్తయిన ఒంటరి చెట్టుకు ఆనించి కట్టడమూ మంచిది కాదు. పిడుగు పడే ప్రమాదం అక్కడ ఎక్కువ.

ఇద్దరు కూర్చునేందుకు ఆరడుగుల చదరం చాలు. నాలుగు మూలలా మేకులు పాతి, తాడుతో మూల నుంచి ఎదుటి మూలకు కొలవాలి. రెండు కొలతలూ సమానంగా, సుమారు ఎనిమిదిన్నర అడుగులు వస్తే చదరం సరిగా కుదిరినట్లు. ఇక్కడ తేడా ఉంటే పైన దూలాలు పంగల్లో కూర్చోవు.

చేవ ఉన్న కర్రకే మన్నిక

గుంజలకు పైన పంగ ఉన్న కర్రలు శ్రేష్ఠం. పంగలో కూర్చున్న దూలం బరువు నేరుగా గుంజ ద్వారా నేలకు దిగుతుంది. పంగ లేని కర్రకు దూలాన్ని పక్కన ఆనించి మేకులు కొడితే మనుషుల బరువంతా ఆ మేకులపైనే పడుతుంది. కర్ర ఎండి పగిలినా, మేకు తుప్పు పట్టినా మంచె ఒక్కసారిగా ఒరుగుతుంది. పంగ దొరకనప్పుడు గుంజ తలపై దూలం మందానికి సరిపడా గాడి చెక్కి, అందులో దూలాన్ని కూర్చోబెట్టాలి. బరువును కర్ర మీద కర్ర మోయాలి. మేకైనా, తాడైనా అది కదలకుండా పట్టి ఉంచడానికే.

వేప, నల్లతుమ్మ కర్రల్లో చేవ ఉన్నవాటిని గుంజలకు వాడుకోవచ్చు. సరుగుడు, జామాయిల్ నిటారుగా ఉంటాయి, డిపోల్లో సులువుగా దొరుకుతాయి. కానీ వాటికి చెదలు త్వరగా పడతాయి. రిజర్వు అడవిలో కర్ర నరకడం 1967 నాటి అటవీ చట్టం కింద నేరం. సొంత భూమిలోని టేకు వంటి చెట్లకూ అనుమతి తీసుకోవాలి. వెదురు విషయంలో మాత్రం వెసులుబాటు ఉంది. అడవి వెలుపల పెంచిన వెదురును 2017లో కేంద్ర అటవీ చట్ట సవరణ ద్వారా చెట్ల నిర్వచనం నుంచి తొలగించారు.

పాతడంలోనే కిటుకు

పదడుగుల గుంజను మూడడుగులు పాతితే పరుపు ఏడడుగుల ఎత్తున వస్తుంది. గోతి అడుగున ఒక చదును రాయి వేసి దానిపై గుంజను నిలపాలి. దారానికి రాయి కట్టి వేలాడదీసి నిలువు సరిచూసుకోవాలి. మట్టిని ఒకేసారి నింపకుండా జానెడు జానెడు పోస్తూ గునపం మొదలుతో దట్టించాలి. నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. అందులో గుంజ వదులవుతుంది. కాబట్టి అటువంటి నేలలో గోతిని మొరం, చిన్నరాళ్లతో నింపాలి. చివరగా మొదలు చుట్టూ మట్టిని దిమ్మలా పోస్తే వాన నీరు పక్కకు జారుతుంది.

కర్ర ముందుగా చెడేది నేల మట్టం దగ్గరే. అక్కడ తడి, గాలి రెండూ అందుతాయి. పాతే భాగాన్ని, నేలపై మరో జానెడు మేర బెరడు తీసి, ఆరిన తర్వాత తారు పూయాలి. కర్ర మొదలు కాల్చి పాతడం పాత అలవాటు. అదొక్కటే చెదలను ఆపదు.

ఏటవాలు కర్ర మరవొద్దు

చాలామంది వదిలేసేది ఇదే. నాలుగు గుంజలు నిటారుగా ఉన్నా గాలికి, మనిషి కదలికకు మంచె ఊగుతుంది. రోజూ ఊగితే గోతులు వదులవుతాయి. ఒక గుంజ మొదటి నుంచి పక్క గుంజ పైభాగానికి ఏటవాలుగా కర్ర బిగిస్తే అక్కడ త్రికోణం ఏర్పడుతుంది. చదరం ఒరుగుతుంది కానీ త్రికోణం ఒరగదు. నిచ్చెన వైపు మినహా మిగతా మూడు వైపులా ఈ కర్రలు వేయాలి.

పరుపు కింద నాలుగంగుళాల మందం ఉన్న దూలాలు రెండు వైపులా, మధ్యలో ఒకటి వేయాలి. మధ్య దూలం ఉంటే బొంగులపై బరువు తగ్గుతుంది. ఈ దూలాన్ని మరో రెండు అడ్డ దూలాలు మోయాలి. మూడేళ్లు దాటిన ముదురు బొంగులనే తీసుకోవాలి. లేత బొంగును పురుగు త్వరగా తొలిచి పిండి చేస్తుంది. రెండు మూడు వారాలు నీటిలో నానబెట్టి, నీడన ఆరబెడితే పురుగు బెడద తగ్గుతుంది. బొంగులను పక్కపక్కనే పరచి, నానబెట్టిన కొబ్బరి తాడుతో ప్రతి దూలం వద్దా కట్టాలి. చుట్టూ నడుము ఎత్తున అడ్డకర్రలు తప్పనిసరి. నిద్రమత్తులో జారకుండా కాపాడేవి అవే.

నిచ్చెన మొదలు మంచెకు రెండడుగుల దూరంలో ఉండాలి. పైకొన పరుపును దాటి మూడడుగులు ఉంటే దిగేటప్పుడు పట్టు దొరుకుతుంది. పైన తాడుతో కట్టేయాలి. తాటాకు కప్పును తక్కువ ఎత్తులో వేస్తే గాలికి ఎగరదు.

కట్టి వదిలేస్తే చాలదు

ఇద్దరు మనుషులకు ఇది రెండు రోజుల పని. నెల తర్వాత మరోసారి కట్లన్నీ బిగించాలి. పచ్చికర్ర ఎండితే సన్నబడి తాడు వదులవుతుంది. ఉరుములు, మెరుపులు మొదలైతే వెంటనే దిగి ఇల్లు చేరాలి. మంచెపై పొయ్యి వెలిగించరాదు.

మంచె దానంతటది పందులను ఆపదు. మనిషి మేలుకుని ఉండాలి. ఆనుకుని ఉన్న చేల రైతులు నలుగురు కలిసి వంతులు వేసుకుంటే ఒక్కొక్కరికి నాలుగు రోజులకోసారే రాత్రి కావలి పడుతుంది. టార్చిలైటు, మోగించేందుకు ఖాళీ డబ్బా దగ్గర ఉంచుకోవాలి. కోత పూర్తయ్యాక కప్పును, పరుపును విప్పి చూరు కింద భద్రపరిస్తే వచ్చే ఏడాదీ పనికొస్తాయి. గుంజలను అలాగే ఉంచినా, తిరిగి ఎక్కే ముందు నేల మట్టం దగ్గర గునపంతో పొడిచి చూడాలి. మొన సులువుగా దిగితే కర్రలో చేవ పోయినట్లే. ఆ గుంజను మార్చిన తర్వాతే మంచె ఎక్కాలి.