మీకు తెలుసా? డ్రిల్లును తినేసేది రాయి కాదు, వేడి

ఒడిశాలో పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్య నది ఒడ్డున జౌగఢ బండ మీద అశోకుడి శాసనాలు చెక్కింది క్రీ.పూ. 3వ శతాబ్దంలో. ఉలి, సుత్తి, ఓపిక... అప్పటి సామగ్రి అంతే. ఇప్పుడు కిటికీకి గ్రిల్లు బిగించాలన్నా, గోడకు గీజరు తగిలించాలన్నా కరెంటు డ్రిల్లు ఉంది. మొరటు పనికి తట్టుకునేలా చేసిన యంత్రమే అయినా మోటారు కాలి రిపేరు షాపుకు చేరుతూనే ఉంటుంది. కారణాలు వెతికితే దాదాపు అన్నీ వేడి దగ్గరే తేలతాయి.

ఉలి పని మారలేదు
కాంక్రీటులో హామర్ డ్రిల్లు చేసేదీ ఉలి పనే. నిమిషానికి వేల దెబ్బలు పడి రాయి పొడి అవుతుంది. బిట్టు తిరిగేది మొనను ప్రతిసారీ కొత్తచోట ఆనించడానికి, పొడిని గాళ్ల వెంట బయటికి తోయడానికి. అందుకే ఒళ్లంతా బరువు వేసి నొక్కితే రంధ్రం త్వరగా పడదు, మోటారు మాత్రం వేడెక్కుతుంది. మధ్యమధ్య బిట్టును వెనక్కి లాగి పొడి రాలనిస్తే పని తొందరగా సాగుతుంది. స్లాబులో ఇనుప చువ్వ తగిలితే పట్టుబట్టకండి. బిట్టు మొనలో అతికిన కార్బైడ్ ముక్క పెచ్చు లేస్తుంది. రంధ్రాన్ని కాస్త పక్కకు జరపడమే మేలు.

పుట్టిల్లు మెల్‌బోర్న్
కరెంటుతో తిరిగే డ్రిల్లుకు 1889లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఆర్థర్ జేమ్స్ ఆర్నాట్, విలియం బ్లాంచ్ బ్రెయిన్ పేటెంటు తీసుకున్నారు. చేత్తో పట్టుకుని పనిచేసే డ్రిల్లును 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఫైన్ కంపెనీ తెచ్చింది. పిస్తోలు పిడి, వేలితో నొక్కే స్విచ్ ఉన్న రూపానికి 1917లో అమెరికాలో బ్లాక్ అండ్ డెకర్‌కు పేటెంటు దక్కింది. మన చేతిలో ఉన్నది ఇప్పటికీ ఆ రూపమే.

చల్లార్చాలంటే ఆపకూడదు
మోటారుకు గాలి కొట్టే ఫ్యాను, మోటారులో తిరిగే భాగమైన ఆర్మేచర్ ఇరుసు మీదే ఉంటుంది. మోటారు వేగం తగ్గితే గాలీ తగ్గుతుంది, ఆపేస్తే అసలే రాదు. బరువైన పని అయ్యాక వెంటనే స్విచ్ వదిలేస్తే లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. బిట్టును బయటికి తీసి, ఒక నిమిషం పూర్తి వేగంతో ఖాళీగా తిప్పండి. గాలి రంధ్రాలను అరచేత్తో మూసి పట్టుకునే అలవాటు ఉంటే మానుకోండి.

యాభై మీటర్లంటే వంద
పక్కింటి నుంచి 50 మీటర్ల వైరు లాగితే కరెంటు రానూ పోనూ 100 మీటర్లు నడవాలి. అది అర చదరపు మిల్లీమీటరు రాగి తీగైతే 1000 వాట్ల డ్రిల్లుకు దారిలోనే సుమారు 15 వోల్టులు పోతాయి. ఒకటిన్నర చదరపు మిల్లీమీటరు తీగైతే పోయేది 5 వోల్టులే. వోల్టేజి తగ్గితే వేగం తగ్గుతుంది, మనం ఇంకా గట్టిగా నొక్కుతాం, ఫ్యాను నెమ్మదించిన సమయంలోనే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. సాయంత్రం వోల్టేజి పడిపోయే వీధుల్లో ఈ పని పొద్దున పెట్టుకోవడం తెలివి. చుట్టగా ఉన్న ఎక్స్‌టెన్షన్ వైరును పూర్తిగా విప్పాకే వాడాలి. చుట్టలో వేడి పోయే దారి ఉండదు.

లావు బిట్టుకు నిదానం
ఇనుములో 6 మిల్లీమీటర్ల హైస్పీడ్ స్టీలు బిట్టుకు నిమిషానికి సుమారు 1300 చుట్లు సరిపోతే, 13 మిల్లీమీటర్ల బిట్టుకు 600 చాలు. లావు పెరిగేకొద్దీ అంచు ఒక్కో చుట్టులో ఎక్కువ దూరం తిరుగుతుంది మరి. మొన నీలం రంగుకు తిరిగిందంటే వేగం ఎక్కువైందని గుర్తు. ఇనుముకు రెండు చుక్కల నూనె వేయండి. హామర్ మీట ఆపి ఉందో లేదో చూసుకోండి.

నీలి మెరుపు మంచిదే, కొంతవరకు
మిక్సీలోనూ డ్రిల్లులోనూ ఉండేది ఒకే జాతి మోటారు. గాలి రంధ్రాల్లోంచి సన్నగా నీలి మెరుపు కనిపించడం సహజం. నిప్పు చక్రంలా చుట్టూ మండితే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు, లేదా ఆ బ్రష్‌లు ఆనే కమ్యుటేటర్ పాడై ఉండొచ్చు. బ్రష్‌లు ఎప్పుడూ జతగానే మార్చాలి. కొన్ని రకాల్లో బ్రష్ అరిగిపోగానే మెషిన్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. ఆర్మేచర్ కాలిందని రివైండింగుకు పరుగెత్తే ముందు బ్రష్‌లను విప్పి చూడండి.

ఎర్త్ పిన్ లేకపోవడం లోపం కాదు
చాలా డ్రిల్లులకు రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది. బాడీ మీద చదరంలో చదరం గుర్తు ఉంటే లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉందని అర్థం, ఎర్త్ అక్కర్లేదు. అలాగని తడి చేత్తో పట్టుకోవచ్చని కాదు. ఆ రక్షణ పొడిగా ఉన్నంతవరకే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అలాంటి తుపానుల వానల్లో, వరదల్లో మునిగిన డ్రిల్లును ఎండలో ఆరబెట్టి ప్లగ్ పెట్టేయకూడదు. పైకి ఆరినా వైండింగులో చేరిన ఒండ్రు, ఉప్పు తేమను పట్టుకునే ఉంటాయి. విప్పి శుభ్రం చేయించి, ఇన్సులేషన్‌ను కొలిచే మెగ్గరుతో పరీక్ష చేయించాకే వాడాలి.

మూడు రంధ్రాలు ఊరికే పెట్టలేదు
బిట్టును పట్టుకునే చక్‌కు కీ దూర్చే రంధ్రాలు మూడు. ఒక్కదాంట్లో తిప్పి వదిలేస్తే పట్టు సమానంగా పడదు, బిట్టు జారి కాండం గీతలు పడుతుంది. మూడింటిలోనూ వరసగా బిగించండి. ఇనుప రేకులో బిట్టు అవతలికి తేలే క్షణంలో అంచుకు చిక్కుకుని మెషినే గిర్రున తిరుగుతుంది. మణికట్టు బెణికేది అప్పుడే. పక్క పిడి తప్పకుండా పట్టుకోండి. గుడ్డ గ్లవ్జు, మెడలో తువ్వాలు వద్దు, కంటికి అద్దాలు కావాలి.

కీ ఎక్కడ కట్టాలి?
చక్ కీని ప్లగ్ పక్కనే, వైరు చివర కట్టండి. కీ అందుకోవాలంటే ప్లగ్ దగ్గరికి వెళ్లక తప్పదు. వెళ్లినవాళ్లు పీకి తెచ్చుకుంటారు. చక్‌లో కీ ఉండగా స్విచ్ పడే ప్రమాదం అలా తప్పుతుంది. పైగా డ్రిల్లు అరువు తీసుకున్నవాళ్లు మెషిన్ తిరిగిచ్చి కీ మరిచిపోయే బాధా ఉండదు.