పిక్కలు బలిశాయని మురిసిపోకండి!

నేల మీద కూర్చున్న పిల్లవాడు లేవాలంటే ఒక్క ఉదుటున లేస్తాడు. కొందరు మగపిల్లలు మాత్రం అలా లేవలేరు. ముందు బోర్లా తిరుగుతారు. చేతులు నేలకు ఆన్చి పిర్రలు పైకెత్తుతారు. తర్వాత ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చెయ్యి తొడ మీద వేసి, తమ ఒంటి మీద తామే ఎగబాకుతున్నట్టు లేస్తారు.

నాలుగైదేళ్ల కుర్రాడు ఇలా లేస్తుంటే ఇంట్లోవాళ్లు మొదట నవ్వుకుంటారు. ముసలాడిలా లేస్తున్నాడని వేళాకోళం చేస్తారు. బడిలో పరుగు పెడితే అందరికన్నా వెనక. మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాలి. ఊరికే పడిపోతుంటాడు. మేష్టారు బద్ధకం అంటారు. నాయనమ్మ దిష్టి అంటుంది. తల్లి మాత్రం వాడి పిక్కలు చూసి ధైర్యం తెచ్చుకుంటుంది. అవి పహిల్వాను పిక్కల్లా లావుగా, గట్టిగా ఉంటాయి మరి! ఇంత కండ పట్టినవాడికి జబ్బేమిటి?

చిక్కంతా అక్కడే ఉంది. ఆ పిక్కల్లో కండ చచ్చిపోయి, ఆ చోట కొవ్వు, పీచు చేరాయి.

పోగులు తెగే జబ్బు

ఈ జబ్బు పేరు డుషెన్ కండరాల క్షీణత. 1860లలో దీన్ని వివరంగా రాసిన ఫ్రెంచి వైద్యుడు డుషెన్ పేరే దీనికి పెట్టారు. తొడల మీద చేతులు వేసి ఎగబాకి లేచే తీరును 1879లో ఇంగ్లండు వైద్యుడు గోవర్స్ వర్ణించాడు. డాక్టర్లు ఇవాళ్టికీ పిల్లవాణ్ణి నేల మీద కూర్చోబెట్టి లేవమనేది అందుకే. 3,500 నుంచి 5,000 మంది మగ శిశువుల్లో ఒకరికి ఇది వస్తుందని అంచనా.

కండ ముడుచుకున్నప్పుడల్లా దాని పోగుల పైపొర చిరగకుండా డిస్ట్రోఫిన్ అనే మాంసకృత్తు కాపాడుతుంది. దాన్ని తయారు చేయించే జన్యువు చెడితే ఆ కాపుదల ఉండదు. వేసిన ప్రతి అడుగుకూ కొన్ని పోగులు దెబ్బతింటాయి. చిన్నతనంలో ఒళ్లు వాటిని బాగుచేసుకుంటూ వస్తుంది. కొన్నేళ్లకు ఆ శక్తి అయిపోతుంది. మొదట నడుము, తొడలు, తర్వాత భుజాలు సడలుతాయి. మందులు వాడకపోతే పన్నెండేళ్లు వచ్చేసరికి నడక పోతుంది. ఆపైన గుండె కండరం, ఊపిరి తీయించే కండరాలు.

కనుక గుడ్లు, రాగిజావ, మేక కాళ్ల చారు ఎంత పెట్టినా ఈ జబ్బు తగ్గదు. అవి మంచి తిండే, లేని మాంసకృత్తును మాత్రం తెచ్చిపెట్టలేవు. బలానికని వారం వారం పొడిపించే సూదిమందులదీ అదే కథ. బలం వస్తుందని బరువులెత్తించడం, పదేపదే మెట్లెక్కించి దించడం అయితే కీడే చేస్తాయి.

మరో పొరపాటు రక్తపరీక్ష దగ్గర జరుగుతుంది. లివరు చెడితే పెరిగే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ కండ చెడినా పెరుగుతాయి. ఆ చీటీ చూసి కామెర్లనుకుని పసరు మందులు పోయించి నెలలు పోగొట్టుకునే వీలుంది. ఇలాంటి పిల్లలకు సీకే అనే పరీక్ష చేయించాలి. మామూలుగా వందల్లో ఉండే ఆ అంకె ఈ జబ్బులో వేలల్లోకి పోతుంది. తర్వాత రక్తంతోనే జన్యు పరీక్ష చేసి జబ్బును ఖాయం చేస్తారు.

తల్లి చేసిన తప్పేమిటి?

చెడిన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. తల్లికి అవి రెండు. ఒకటి చెడినా రెండోది ఆదుకుంటుంది గనుక ఆమె తిరుగుతూనే ఉంటుంది. కొడుక్కి ఉండేది ఒక్కటే, అదీ తల్లి ఇచ్చిందే. అలాంటి తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు రావడానికి సగం పాళ్లు అవకాశం. కూతురికైతే ఆ జన్యువును మోసే అవకాశం సగం. ఇది తెలిసిన అత్తవారిళ్లలో కోడలికి నిష్ఠూరాలు మొదలవుతాయి. నిజానికి మూడింట ఒక వంతు పిల్లల్లో ఆ మార్పు తల్లి నుంచి రాదు, కొత్తగా పుడుతుంది. వచ్చినా ఆమె కోరి తెచ్చుకున్నది కాదు కదా!

మేనరికం మీదికి నెట్టడం కూడా ఈ జబ్బు విషయంలో సరికాదు. అయితే మేనరికంతో ముప్పు పెరిగే కండరాల క్షీణతలు వేరే ఉన్నాయి. నడుము, భుజాల కండరాలను తినేసే రకాలు చాలావరకు తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ చెడ్డ జన్యువు అందితేనే వస్తాయి. ఆడపిల్లలకూ వస్తాయి. ఒక బిడ్డకు జబ్బు తేలిన ఇంట్లో, ఆ జన్యు మార్పు తెలిసి ఉంటే, తర్వాతి కాన్పులో మూడో నెలలోనే పరీక్ష చేయించుకోవచ్చు. తల్లి అక్కచెల్లెళ్లు కూడా డాక్టరును అడగడం మంచిది.

ప్రతి నీరసమూ ఇది కాదు

కండ జబ్బు ముందుగా బలం మీదే దెబ్బతీస్తుంది. గొంతుకు కూర్చుంటే లేవలేరు, గంప తలకెత్తుకోలేరు, జుట్టు దువ్వుకోలేరు. తిమ్మిర్లు, మొద్దుబారడం ఉంటే అది నరాల దారి.

కొన్ని నీరసాలు పూర్తిగా నయమవుతాయి. పెళ్లి భోజనం సుష్టుగా చేసి పడుకున్నవాడు తెల్లవారి కాళ్లు కదపలేకపోతే పొటాషియం పడిపోయి ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్తే గంటల్లోనే తేరుకుంటారు. సాయంత్రమయ్యేసరికి రెప్పలు వాలిపోయి, నమలడం కష్టమైతే మయస్తీనియా అని అనుమానించాలి, దానికి మందులున్నాయి. థైరాయిడ్ తేడాలు, డి విటమిను లోపం కూడా తొడల బలాన్ని లాగేస్తాయి. కాళ్ల నుంచి మొదలై రోజుల్లో పైకి పాకే చచ్చుదనం మాత్రం ఆగేది కాదు, ఊపిరి దాకా వస్తుంది. నేల మీద పడుకున్నవారికి తెల్లవారుజామున రెప్పలు వాలి, మాట ముద్దయితే కట్లపాము కాటేమో చూడాలి. గాటు కనబడకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు. ఈ రెంటికీ ఒక్క గంట కూడా ఆగకూడదు.

కీళ్ల నొప్పులకని ఊళ్లో ఇచ్చే బిళ్లల్లో స్టెరాయిడ్లు కలిసి ఉండటం కద్దు. ఏళ్ల తరబడి మింగితే తొడ కండలు కరిగిపోతాయి. చిత్రమేమిటంటే, డుషెన్ పిల్లల నడకను రెండు మూడేళ్లయినా నిలబెట్టేది ఆ స్టెరాయిడ్లే! లెక్క ప్రకారం, డాక్టరు కనుసన్నల్లో వాడాలి. హఠాత్తుగా మానితే ప్రమాదం.

మందు, బడి, పింఛను

జబ్బును పూర్తిగా పోగొట్టే మందు లేదు. 2023లో అమెరికా అనుమతించిన జన్యు చికిత్స ఖరీదు మన డబ్బులో పాతిక కోట్ల పైమాటే. అది వాడిన ఇద్దరు కుర్రాళ్లు 2025లో లివరు దెబ్బతిని చనిపోవడంతో నడవలేని పిల్లలకు ఇవ్వడం ఆపారు. స్టెమ్‌సెల్ సూదులతో నడిపిస్తామని లక్షలు అడిగేవారి మాట నమ్మి పొలం అమ్ముకోవద్దు.

చేతిలో ఉన్న పనులు చాలానే ఉన్నాయి. మడమలు బిగుసుకుపోకుండా రోజూ మెల్లగా సాగదీయాలి. గుండె పరీక్ష ఏటా చేయించాలి. ఏ ఆపరేషనుకైనా ముందు ఈ జబ్బు సంగతి మత్తు డాక్టరుకు చెప్పి తీరాలి, కొన్ని మత్తుమందులు వీరి ప్రాణం మీదికి తెస్తాయి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో కండరాల క్షీణత ఉంది. సదరం శిబిరంలో సర్టిఫికెట్టు తీసుకుంటే పింఛనుకు దారి దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి 2024లో పింఛను నెలకు రూ.15,000 చేశారు. ఈ జబ్బులో నడక పోయినా చాలామంది పిల్లలకు చదువు వస్తుంది. తరగతి గది మేడ మీద ఉంటే కిందికి మార్చమని తండ్రి హెడ్మాస్టరుకు అర్జీ పెట్టుకోవచ్చు. అది అడిగి పుచ్చుకునే దయ కాదు, ఆ చట్టం ఇచ్చిన హక్కు.