ఏటికి ఎదురీదే చేపతో వ్యాయామ పరిశోధన

రోజూ నడిస్తే గుండెకు మేలని డాక్టర్లు చెబుతారు. ఆ మేలు ఒంట్లో ఎక్కడ మొదలై ఎలా సాగుతుందో కనిపెట్టడం మాత్రం తేలిక కాదు. ఒకరి తిండి, నిద్ర, పని మరొకరితో కలవవు. నెల రోజులు నడిచిన మనిషి గుండెలోంచి ముక్క తీసి చూడనూలేం. అందుకే కొందరు శాస్త్రవేత్తలు మూడు నాలుగు సెంటీమీటర్ల జీబ్రా చేపను ఎంచుకున్నారు.

ఒంటి మీద నీలి చారలున్న ఈ చేప మన ఉపఖండానిదే. వాగుల్లో, వరిచేల నీళ్లలో బతుకుతుంది. గంగానది చేపల మీద 1822లో వెలువడిన గ్రంథంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ దీన్ని వర్ణించాడు. అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ దీన్ని జన్యు పరిశోధనకు అనువుగా మలిచాడు. మన జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఈ చేపలో సాటి జన్యువులున్నాయని 2013లో తేలింది. నేడు హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)లో కూడా దీని మీద పరిశోధనలు సాగుతున్నాయి.

చేపతో కసరత్తు చేయించడానికి దాని సహజ గుణమే చాలు. నీరు పారుతుంటే చేప ప్రవాహానికి ఎదురు తిరిగి, ఉన్నచోటే నిలబడేందుకు ఈదుతుంది. గాజు గొట్టంలో మోటారుతో నీటిని పారిస్తే అదే దానికి ట్రెడ్‌మిల్. ప్రవాహ వేగం పెంచితే శ్రమ పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది.

ఎంత వేగం సరైనది? కెనడా శాస్త్రవేత్త బ్రెట్ 1964లో సాల్మన్ చేపల మీద వాడిన పద్ధతి ఇందుకు దారి చూపింది. వేగాన్ని మెట్టుమెట్టుగా పెంచుతూ, చేప ఇక నిలవలేక వెనక్కి కొట్టుకుపోయే హద్దును గుర్తిస్తారు. గొట్టాన్ని మూసి, నీటిలో ఆక్సిజన్ ఎంత తగ్గిందో కొలిస్తే చేప ఖర్చు చేసిన శక్తి తెలుస్తుంది. మరీ నెమ్మదిగా ఈదితే, దూరం సాగక ముందే ప్రాణం నిలుపుకోవడానికే శక్తి ఖర్చవుతుంది. మరీ వేగంగా ఈదితే నీటి నిరోధం విపరీతంగా పెరుగుతుంది. ఈ రెండింటి నడుమ, అతి తక్కువ శక్తితో ఎక్కువ దూరం సాగే వేగం ఒకటుంటుంది. పెద్ద జీబ్రా చేపకు అది సెకనుకు సుమారు 40 సెంటీమీటర్లు, అంటే దాని ఒంటి పొడవుకు పది రెట్ల పైమాటే.

బార్సిలోనా విశ్వవిద్యాలయానికి చెందిన జోసెప్ ప్లానస్ బృందం ఈ వేగంతోనే చేపలను రోజుకు 6 గంటలు, వారానికి 5 రోజులు, నాలుగు వారాలపాటు ఈదించింది. చేప కండరాల అమరిక ఇక్కడ బాగా కలిసివచ్చింది. అలుపు లేకుండా పనిచేసే ఎర్ర కండరం చర్మం కింద పక్కల వెంట సన్నని పట్టీలా ఉంటుంది. చటుక్కున దూకడానికి పనికొచ్చే తెల్ల కండరం మిగతా ఒళ్లంతా నిండి ఉంటుంది. మన కండరాల్లో ఈ రెండు రకాల పోగులు కలగలిసి ఉంటాయి కాబట్టి విడదీసి చూడటం కష్టం. శిక్షణ పొందిన చేపల తెల్ల కండరంలో పోగులు లావెక్కాయి, వాటి చుట్టూ రక్తకేశనాళికలు పెరిగాయి. కండరాల పెరుగుదలకు, కొత్త రక్తనాళాలకు సంబంధించిన జన్యువులు చురుకయ్యాయి.

గుండె సంగతి మరింత ఆసక్తికరం. గుండెలో రక్తాన్ని బయటికి నెట్టే గది, జఠరికలో ఐదో వంతు కోసినా జీబ్రా చేప రెండు నెలల్లో తిరిగి పెంచుకోగలదని 2002లో తెలిసింది. మన గుండెకు గాయమైతే మచ్చకట్టడమే తప్ప కండరం పెద్దగా తిరిగి పుట్టదు. ఈతతో చేప గుండెలో కండర కణాల విభజన పెరిగిందని బార్సిలోనా బృందం 2018లో చూపింది. అదే ఏడాది వెలువడిన మరో అధ్యయనంలో, ఎదురీదిన చేపల వెన్నుపూసల్లో కొత్త ఎముక ఏర్పడటం పెరిగింది.

అయితే చేప మనిషి కాదు. దాని గుండెకు రెండే గదులు, రక్తం చల్లనిది, ఒంటి బరువును నీరే మోస్తుంది. ప్రవాహానికి భయపడితే ఒత్తిడి హార్మోన్లు ఫలితాలను తారుమారు చేస్తాయి. అందుకే ముందు అలవాటు చేసి, ఈదని చేపలతో పోల్చి చూడాలి. ఈ పరిశోధనలు మనం రోజుకెన్ని నిమిషాలు నడవాలో చెప్పవు. శ్రమ పడిన కణం ఏ జన్యువును మేల్కొలుపుతుందో చూపుతాయి. పక్షవాతంతోనో, గుండె జబ్బుతోనో కదలలేని మనిషికి వ్యాయామం ఇచ్చే మేలులో కొంతైనా మందు రూపంలో అందించాలంటే, ముందుగా తెలియాల్సింది ఆ వివరమే.