రిపీటర్‌ చెవి మూసుకుపోకుండా.. డూప్లెక్సర్‌ ఎంపిక ఇలా

విశాఖపట్నం: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపాను విశాఖ వద్ద తీరం దాటినపుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి, విద్యుత్తు నిలిచిపోయింది. అటువంటి వేళ అక్కరకు వచ్చేది హామ్‌ రేడియో. అయితే చేతిలో పట్టే అయిదు వాట్ల సెట్టు నుంచి వెలువడే మాట కొండ అవతలకు చేరదు. ఎత్తయిన చోట రిపీటర్‌ ఉంటే ఆ బలహీన సంకేతాన్ని అందుకుని, బలం చేర్చి తిరిగి ప్రసారం చేస్తుంది. కొండల నడుమ విస్తరించిన విశాఖకు, ఆ వెనుకనున్న మన్యానికి దీని అవసరం ఎంతో ఉంది. రిపీటర్‌ నెలకొల్పదలచిన ఔత్సాహికులు సాధారణంగా ట్రాన్స్‌మిటర్‌ ఎన్ని వాట్లదన్న లెక్కతో మొదలుపెడతారు. నిజానికి వరద ముంచిన ఊరి నుంచి వచ్చే సన్నని గొంతు రిపీటర్‌కు వినిపిస్తుందా లేదా అన్నది చాలావరకు డూప్లెక్సర్‌పైనే ఆధారపడి ఉంటుంది.

కేక నడుమ గుసగుస

రిపీటర్‌ ఒకే యాంటెన్నాతో ఒకే సమయంలో వింటుంది, మాట్లాడుతుంది. రెండు మీటర్ల బ్యాండులో (144-146 మెగాహెర్ట్జ్‌) ఈ రెండు పనుల పౌనఃపున్యాల మధ్య ఎడం సాధారణంగా 600 కిలోహెర్ట్జ్‌ మాత్రమే. ఉదాహరణకు 145.100పై విని, 145.700పై ప్రసారం చేసే రిపీటర్‌ను తీసుకుందాం. ట్రాన్స్‌మిటర్‌ 25 వాట్లు వెలువరిస్తుండగా, రిసీవర్‌ 0.2 మైక్రోవోల్టు సంకేతాన్ని పట్టుకోవలసి ఉంటుంది. ఈ రెండింటి నిష్పత్తి మూడు పక్కన పదహారు సున్నాలు! డెసిబెల్స్‌లో చెప్పాలంటే సుమారు 165.

ఇక్కడ ఎదురయ్యే చిక్కులు రెండు. ట్రాన్స్‌మిటర్‌ ప్రధాన సంకేతం రిసీవర్‌ ముందు భాగాన్ని ముంచెత్తి మొద్దుబారేలా చేయడం మొదటిది. దీనికి రిసీవర్‌ వైపు వడపోత చాలు. ట్రాన్స్‌మిటర్‌ తన పౌనఃపున్యానికి అటూ ఇటూ వెదజల్లే సన్నని రొద సరిగ్గా రిసీవర్‌ వినే చోటనే పడటం రెండోది. అది రిసీవర్‌ వరకు వచ్చిన తర్వాత ఎంతటి ఫిల్టరైనా వేరుచేయలేదు, ట్రాన్స్‌మిటర్‌ వైపే అణచివేయాలి. డూప్లెక్సర్‌లో రెండు శాఖలు ఉండటానికి కారణమిదే. 25 వాట్ల రిపీటర్‌కు ఒక్కో శాఖలో సుమారు 80 నుంచి 90 డెసిబెల్స్‌ అడ్డు అవసరమవుతుంది. 80 డెసిబెల్స్‌ అంటే పది కోట్ల వంతుకు తగ్గించడం. డూప్లెక్సర్‌ లేకుండా రెండు యాంటెన్నాలను ఒకే టవర్‌పై పది మీటర్ల ఎడంతో ఒకదానిపై ఒకటి అమర్చినా లభించేది 50 డెసిబెల్స్‌ ప్రాంతమే.

చిన్న పెట్టె చౌకే గానీ..

అరచేతిలో ఇమిడే ఆరు గదుల పలుచని డూప్లెక్సర్లు మార్కెట్లో చౌకగా దొరుకుతాయి. అవి వాహనాలలోని వాణిజ్య సెట్ల కోసం, దాదాపు అయిదు మెగాహెర్ట్జ్‌ ఎడానికి ఉద్దేశించినవి. 600 కిలోహెర్ట్జ్‌ ఎడంలో అవి పనికిరావు. 70 సెంటీమీటర్ల బ్యాండులో వాడుకోవచ్చు కదా అంటే అక్కడా ఒక తిరకాసు ఉంది. మన దేశంలో హామ్‌లకు కేటాయించినది 434-438 మెగాహెర్ట్జ్‌, అంటే నాలుగు మెగాహెర్ట్జ్‌ వెడల్పే. అమెరికాలో వాడుకలో ఉన్న అయిదు మెగాహెర్ట్జ్‌ ఎడం ఇందులో పట్టనే పట్టదు.

రెండు మీటర్ల రిపీటర్‌కు కావలసినవి పెద్ద క్యావిటీలు. 145 మెగాహెర్ట్జ్‌ వద్ద పావు తరంగదైర్ఘ్యం సుమారు 52 సెంటీమీటర్లు గనుక ఒక్కో డబ్బా రెండడుగుల ఎత్తు ఉండటం మామూలే. కొన్ని కేవలం వద్దన్న పౌనఃపున్యాన్ని అణచివేస్తాయి. మరికొన్ని దానితోపాటు కావలసిన దానిని మాత్రమే పోనిస్తాయి. ఇతర సంస్థల ప్రసార యాంటెన్నాలు కిక్కిరిసిన టవర్‌పై రెండో రకమే మేలు. శాఖకు మూడేసి చొప్పున ఆరు క్యావిటీలు ఉంటే నిశ్చింత. పాత వాణిజ్య డూప్లెక్సర్‌ కొనేవారు అది 145 మెగాహెర్ట్జ్‌ వరకు దిగివస్తుందో లేదో ముందే చూసుకోవాలి. చాలావరకు 150కి పైన పనిచేసేలా తయారైనవే ఉంటాయి.

క్యావిటీలు పెరిగే కొద్దీ నష్టమూ ఉంటుంది. 1.5 డెసిబెల్స్‌ నష్టమైతే 25 వాట్లలో యాంటెన్నాకు చేరేది 17.7 వాట్లే. దీనికి దిగులు అక్కర్లేదు. వాట్లు తగ్గిన రిపీటర్‌ మాట కాస్త బలహీనంగానైనా వినిపిస్తుంది. చెవుడు వచ్చిన రిపీటర్‌ మాత్రం ఎందుకూ కొరగాదు.

ఎండ తాకిడి

మన ప్రాంతంలో తప్పక అడగవలసిన ప్రశ్న మరొకటుంది. లోపలి ట్యూనింగ్‌ కడ్డీ ఏ లోహంతో చేశారు? రాగి ఒక డిగ్రీకి పది లక్షలలో 17 వంతులు వ్యాకోచిస్తుంది. వేకువన 25 డిగ్రీలు, మధ్యాహ్నం రేకుల గదిలో 45 డిగ్రీలు ఉంటే అంతా రాగితోనే చేసిన క్యావిటీ దాదాపు 50 కిలోహెర్ట్జ్‌ పక్కకు జరుగుతుంది. మొత్తం ఎడమే 600 ఉన్నపుడు ఇది తక్కువేమీ కాదు. ఇన్వార్‌ అనే ఇనుము-నికెల్‌ మిశ్రమ లోహపు కడ్డీ ఉంటే ఈ జరుగుడు నాలుగైదు కిలోహెర్ట్జ్‌కు మించదు. ఖరీదు ఎక్కువైనా ఇక్కడ వెనుకాడరాదు.

అమరిక విధానం

ట్రాన్స్‌మిటర్‌ను ఆన్‌ చేసి, మీటరు ముల్లు ఎక్కువ చూపే వరకు మరలు తిప్పడం కొందరికి అలవాటు. దానివల్ల నష్టం తగ్గినట్లు కనిపిస్తుందే తప్ప అడ్డు ఎంత ఉందో తెలియదు. ప్రస్తుతం కొద్ది వేల రూపాయలకు లభిస్తున్న నానో వీఎన్‌ఏ పరికరంతో ఒక్కో క్యావిటీని విడిగా సరిచేసుకోవడం ఉత్తమం. మన ఉదాహరణలో ట్రాన్స్‌మిటర్‌ వైపు క్యావిటీలు 145.700ను పోనిచ్చి 145.100ను అణచాలి. రిసీవర్‌ వైపువి అందుకు సరిగ్గా విరుద్ధంగా ఉండాలి. ముందు పోనిచ్చే చోటు, తర్వాత అణచే చోటు సరిచేయాలి. ఒకటి కదిపితే రెండోది కొంత కదులుతుంది గనుక రెండు మూడు విడతలు తప్పవు. ఈ చిన్న పరికరం దాదాపు 70 డెసిబెల్స్‌ వరకే కొలవగలదు. శాఖ మొత్తాన్ని ఒకేసారి కొలిచి అడ్డు చాలలేదని కంగారుపడనవసరం లేదు.

క్యావిటీలను కలిపే కేబుళ్ల పొడవు కూడా అమరికలో భాగమే. తయారీదారు ఇచ్చిన ముక్కలను కత్తిరించరాదు. మార్చవలసి వస్తే అదే పొడవుతో, రెండు పొరల రాగి అల్లిక గల ఆర్‌జీ-214 వంటి కేబుల్‌ వాడాలి. అల్యూమినియం రేకు, రాగి అల్లిక కలిసిన కేబుళ్లు మామూలు స్టేషన్లకు బాగుంటాయి గానీ, ఏకకాలంలో వినడం, ప్రసారం చేయడం జరిగే చోట ఆ రెండు లోహాల రాపిడి వల్ల చిటపటలు పుడతాయి.

చివరి పరీక్ష

యాంటెన్నా బదులు డమ్మీ లోడ్‌ తగిలించి, కప్లర్‌ ద్వారా వినీవినిపించని సంకేతాన్ని రిసీవర్‌కు పంపాలి. అపుడు ట్రాన్స్‌మిటర్‌ను ఆన్‌, ఆఫ్‌ చేస్తూ వినాలి. ఆన్‌ చేయగానే రొద పెరిగితే అడ్డు చాలలేదనో, కేబుల్‌ లీకవుతోందనో అర్థం. డమ్మీ లోడ్‌తో బాగుండి, యాంటెన్నా కలపగానే రొద మొదలైతే తప్పు డూప్లెక్సర్‌ది కాదు. యాంటెన్నా కనెక్టర్‌లో నీరు చేరి ఉండవచ్చు, టవర్‌ బోల్టులు తుప్పు పట్టి ఉండవచ్చు. ఉప్పుగాలి వీచే తీరంలో ఇది నిత్యం ఎదురయ్యే బెడద. తుప్పు పట్టిన కీలు దగ్గరలోని బలమైన తరంగాలను కలగలిపి కొత్త రొదను పుట్టిస్తుంది.

రిపీటర్‌ ప్రారంభించడానికి కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ అనుమతి తప్పనిసరి. అమరిక పూర్తయ్యాక ప్రతి క్యావిటీ కొలతనూ, ఆనాటి ఉష్ణోగ్రతనూ రాసి ఆ గదిలోనే ఉంచాలి. కొండపైకి మోసుకెళ్లేటపుడు లాక్‌ నట్లు వదులవుతుంటాయి కనుక పైకి చేర్చిన తర్వాత మరోసారి, ఆపై ఏటా అక్టోబరు తుపాన్లకు ముందు సెప్టెంబరులో ఒకసారి ఆ కొలతలతో సరిచూసుకోవాలి.