అతిథి ధర్మము – అరకులోయ సేద్యము

అతిథిని ఎట్లు ఆదరింపవలెనో మన పెద్దలు విస్తారముగా చెప్పిరి. అతిథిగా వెళ్లినవాడు ఎట్లు మెలగవలెనో అను మాట అంతగా వినబడదు. పట్టణవాసులు గుంపులుగా పల్లెలను, కొండలను చూడబోవుచున్న ఈ కాలమున ఆ రెండవ ధర్మమును గూర్చియే మనము ఎక్కువగా ఆలోచింపవలసియున్నది. గ్రామీణ పర్యాటకము రైతునకు ఎప్పుడు మేలు చేయును, ఎప్పుడు కీడు చేయును అను ప్రశ్నకు అరకులోయ తగిన ఉదాహరణము.

విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, తూర్పు కనుమలలో, సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైబడిన యెత్తున ఈ లోయ ఉన్నది. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇది చేరియున్నది. బగత, కొండదొర, కోటియా, పోర్జ, గదబ మొదలగు గిరిజనులు ఇచట తరతరములుగా సేద్యము చేయుచున్నారు. పల్లపు మడులలో వరి, మెట్టలలో చోళ్లు, సామలు, వలిసెలు, కొండవాలున కాఫీ వారి పంటలు.

ఇచటి కాఫీని సిల్వర్ ఓక్ వంటి చెట్ల నీడన పెంచి, ఆ చెట్లకే మిరియపు తీగెలను ప్రాకింతురు. చలికాలమున పండ్లు ఎఱ్ఱబడును. ఒకే కొమ్మపై పచ్చికాయయు పండును కలిసియుండుటచేత పండినవానినే చేతితో ఏరవలెను. అందుచేత ఒకే తోటను పలుమారులు తిరుగవలసివచ్చును. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. అతిథులు విశేషముగా వచ్చు మాసములును, రైతు కుటుంబమునకు తీరికలేని మాసములును ఒక్కటేయని మనము గమనింపవలెను.

ఇక వచ్చినవారు వ్యయపరచు ధనము ఎచటికి పోవుచున్నదో విచారింతము. రైలు రుసుము, మోటారు బాడుగ, హోటలు గది అద్దె – ఇవన్నియు తరచుగా లోయ దాటి వెలుపలికే పోవును. గ్రామమునకు మిగులునది ఏమి? గదులు ఊడ్చు కూలి, దారి ప్రక్కన పారవేసిన ప్లాస్టిక్ సీసాలు. లోయ అందమునకు మూలమైన పైరును పండించినవానికి ఆ అందముపై వచ్చు రాబడిలో పాలు లేకపోవుట న్యాయము కాదు.

భూమి విషయమున చట్టము గిరిజనునకు అండగా నిలిచినది. 1959 నాటి భూబదిలీ నిబంధనను సవరించుచు వచ్చిన 1970వ సంవత్సరపు 1వ నిబంధన, షెడ్యూలు ప్రాంతములలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదని శాసించినది. జనులు దీనినే ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అందురు. బొర్రా ప్రాంతపు గనుల కౌళ్ల వివాదమునుండి పుట్టిన సమత కేసులో, అచటి ప్రభుత్వ భూమిని సైతము గిరిజనేతరులకు గనుల కొరకు కౌలుకు ఈయరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయితే భూమి గిరిజనుని పేర నుండి, దానిపై లేచిన బస లాభము వేరొకరి పెట్టెలో పడినచో ఆ రక్షణ కాగితమునకే పరిమితమగును.

ఈ విషయమున ఇటలీ దేశపు అనుభవము మనకు పనికివచ్చును. వ్యవసాయ క్షేత్రములలో అతిథులకు బస కల్పించుటను గూర్చి ఆ దేశము 1985లో ఒక చట్టము చేసినది. 2006లో దాని స్థానమున మరియొక చట్టము వచ్చినది. వాని సారము ఇది: అతిథులకు ఆశ్రయమిచ్చువాడు రైతే కావలెను, సేద్యమే ప్రధానముగా ఉండవలెను, బస దానికి అనుబంధముగానే సాగవలెను. ఇందు గొప్ప వివేకము కలదు. 2020లో కరోనా వ్యాధిచేత ప్రయాణములు నిలిచిపోయినప్పుడు, అతిథులనే నమ్ముకొన్నవారి రాబడి ఒక్కసారిగా ఆగినది. పొలము విడువనివానికి గాదెలో గింజలైనను మిగిలినవి.

వలిసె పూల సంగతి చూడుడు. వానలు వెనుకపట్టిన పిమ్మట లోయలోని మెట్టలు పసుపు వన్నె దాల్చును. ఆ చేలలో నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొనుటకు జనము విరగబడుదురు. కాని అది పూలతోట కాదు, నూనెగింజల పంట. తేనెటీగలు వ్రాలి పరాగమును మోసికొనిపోయిననే గింజ కట్టును. త్రొక్కిన ప్రతి మొక్కయు రైతునకు నష్టమే. కొందరు రైతులు చేను అంచున దారి విడిచి స్వల్ప రుసుము తీసికొనుచున్నారు. దానిని తప్పుపట్టువారు కలరు. మేము మాత్రము అది న్యాయమైన రాబడియే యందుము. పైరు వానిది, కష్టము వానిది. చూచి ఆనందించువాడు కొంత చెల్లించుటలో తప్పేమి?

కనుక అరకు పోదలచిన మన శ్రోతలకు మేము చేయు మనవి స్వల్పమైనది. వీలైనచో గ్రామస్థులే నడపు బసలో దిగుడు. కాఫీ గింజలు, మిరియాలు, పసుపు, చోళ్లు సంతలో పండించినవారి చేతినుండియే కొనుడు. పది రూపాయలకై బేరమాడకుడు. అడుగక చేలలోనికిని ఇండ్లలోనికిని పోవలదు. అనుమతి లేక మనుష్యుల ఛాయాచిత్రములు తీయవలదు. థింసా నృత్యము ఆ జనుల పండుగలకు, పెండ్లిండ్లకు చెందినదని మరువకుడు. కొనిపోయిన ప్లాస్టిక్‌ను తిరిగి తెచ్చుకొనుడు.

గ్రామసభలు చేయవలసిన పనియు కలదు. ఎన్ని బసలు ఉండవలెను, నీరు ఎంత వాడవలెను, రుసుములో ఊరుమ్మడికి ఎంత చెందవలెను అను విషయములను ఊరివారే కూర్చుండి తీర్మానించుకొనవలెను. షెడ్యూలు ప్రాంతపు గ్రామసభలకు 1996 నాటి పెసా చట్టము విశేషాధికారములు ఇచ్చియున్నది. అతిథి రెండు దినములుండి పోవును. ఊరు అచటనే ఉండును. అతడు వచ్చిపోయిన పిమ్మట రైతు పొలమును విడువక నిలిచినచో ఆ పర్యాటకము మేలైనది. పొలమును అమ్మి కూలికి పోయినచో, ఎన్ని మేడలు లేచినను అది ఆ ఊరి అభివృద్ధి కాజాలదు.