108లో వెనక కూర్చునే మనిషి

108 అంబులెన్స్ బండిలో పనిచేసేది ఇద్దరు. నడిపే వ్యక్తిని పైలట్ అంటారు. వెనక రోగి పక్కన ఉండే వ్యక్తి ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. ఊళ్లో కొందరు డాక్టరనే పిలుస్తారు గానీ డాక్టరు కాదు. ఆసుపత్రి గడప చేరేదాకా రోగి ఊపిరి నిలపడమే ఆ కొలువు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈఎంఆర్‌ఐ సంస్థ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 సేవ మొదలుపెట్టింది. ఈ ఉద్యోగం మన పల్లెలకు తెలిసింది దాంతోనే. ఎక్కువగా బీఎస్సీలో జీవశాస్త్రాలు చదివినవాళ్లు ఇందులో చేరతారు. శిక్షణలో పాఠం కంటే చేతిపని ముఖ్యం. గుండె ఆగిన పెద్దవాళ్లకు సీపీఆర్ ఎలా చేయాలో బొమ్మ మీద నేర్పుతారు. ఛాతీ నడుమ అయిదారు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతి 30 నొక్కుళ్లకు రెండు శ్వాసలు. ఒత్తిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. రెండు నిమిషాలకే చేతులు పట్టేస్తాయి, అందుకే మనిషి మారాలి.

కొన్ని పాత అలవాట్లను మాన్పించడమూ శిక్షణే. బండి మీంచి పడ్డవాణ్ణి రెక్క పట్టి లేపకూడదు. ముందు మెడకు కాలర్, తర్వాతే స్ట్రెచర్. పొలంలో పాము కరిస్తే కాలికి బిగించి తాడు కట్టకూడదు, కదలకుండా పడుకోబెట్టాలి. దారిలోనే కాన్పయితే బిడ్డను వెంటనే తుడిచి తల్లి ఒంటికి ఆనించాలి.

అసలు పరీక్ష క్షతగాత్రులు పదుల్లో ఉన్నప్పుడు. 2018 సెప్టెంబర్ 11న మల్యాల మండలం కొండగట్టు ఘాట్‌ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. అలాంటి చోట అందరినీ ఒకేసారి చూడటం కుదరదు. పెద్దగా ఏడుస్తున్నవాడికి కనీసం ఊపిరి ఆడుతోంది. సడి లేకుండా పడి ఉన్నవాణ్ణి ముందు చూడాలి. తక్షణం చేయి పడకపోతే దక్కనివారికి ఎర్ర గుర్తు, కాసేపు ఆగగలిగేవారికి పసుపు, నడవగలిగేవారికి ఆకుపచ్చ, ప్రాణం పోయినవారికి నలుపు. వినడానికి కఠినంగా ఉన్నా ఎక్కువమందిని దక్కించే పద్ధతి ఇదే.

బండి కదిలాక బీపీ, నాడి, ఆక్సిజన్ చూసి రాసుకుంటూ, అవసరమైతే కాల్‌సెంటర్ వైద్యుణ్ణి ఫోన్‌లో అడుగుతారు. ఆసుపత్రిలో రోగితోపాటు ఆ కాగితమూ అప్పగిస్తారు. తిరిగి వచ్చేముందు స్ట్రెచర్ మీది నెత్తురు కడిగి, సిలిండర్‌లో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూస్తారు.