ఆరు అంకణాల వంటిల్లు

తిరుపతిలో స్థలం బేరమాడేవాళ్లు గజాల్లో కాదు, అంకణాల్లో మాట్లాడతారు. ఇక్కడ అంకణమంటే ఆరడుగులకు ఆరడుగులు, 36 చదరపు అడుగులు. నెల్లూరికి పోతే అదే అంకణం 72 చదరపు అడుగులవుతుంది, ఆ గొడవ మనకొద్దు. వంటింటి లెక్క కూడా ఈ అంకణాల్లోనే వేసుకుంటే కొన్ని సంగతులు తొందరగా తేలిపోతాయి. ముఖ్యంగా ఇప్పుడు కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు ఫోన్‌లో ఫోటో చూపించి మేస్త్రీని అడుగుతున్న 'ఎల్' ఆకారపు ఐలాండ్ సంగతి. గోడలకు ఆనకుండా వంటింటి నడుమ నిలబడి, ఒకచోట మలుపు తిరిగే గట్టు అది. చూడ్డానికి బాగానే ఉంటుంది. ఎన్ని అంకణాలు మింగుతుందో మాత్రం ఫోటోలో కనిపించదు.

లెక్క వేద్దాం. పక్కపక్క రెండు గోడలవార గట్టు ఉందనుకుందాం, వెడల్పు రెండడుగులు. దానికీ ఐలాండ్‌కూ నడుమ ఒక్కరే వండుకునే ఇంట్లో మూడున్నర అడుగులు, ఇద్దరు తిరిగే ఇంట్లో నాలుగు అడుగులు వదలాలి. అమెరికా వంటగది డిజైనర్ల సంఘం చెప్పే కొలత ఇదే. మనకూ సరిపోతుంది. ఒకరు వంగి కింది అరలోంచి బోకు తీస్తుంటే ఇంకొకరు ఉడుకుడుకు పప్పుతో వెనక నుంచి దాటిపోవాలి కదా. ఐలాండ్ పొడుగు చెయ్యి వెడల్పు రెండున్నర, పొడవు ఆరడుగులు అనుకుందాం. పొట్టి చెయ్యి ఇంకో మూడున్నర అడుగులు బయటికి వస్తుంది. అవతల నడవడానికి మూడడుగులు. ఇవన్నీ కూడితే అటు పద్నాలుగున్నర, ఇటు పద్నాలుగున్నర అడుగులు తేలుతుంది. అంటే 210 చదరపు అడుగులు, దాదాపు ఆరు అంకణాలు.

మలుపు లేని తిన్నటి ఐలాండ్ అయితే పదకొండు అడుగులకు పద్నాలుగున్నర చాలు, నాలుగున్నర అంకణాల లోపు. మామూలు అపార్ట్‌మెంట్లో ఎనిమిదికి పది వంటిల్లు రెండు అంకణాల చిల్లర. జాతీయ భవన నిర్మాణ నియమావళి వంటింటికి కనీసం ఉండాలన్న 5 చదరపు మీటర్లు ఒకటిన్నర అంకణమే. కాబట్టి ఆ మలుపు ఒక్కటే దాదాపు ఒకటిన్నర అంకణం అడుగుతోంది, ఒక చిన్న వంటింటికి కావలసినంత చోటు. ఆ పొట్టి చేతికి చెప్పుకోదగ్గ పనేదైనా ఉంటేనే దాని జోలికి పోవాలి. ఉందనే నేనంటాను. కానీ అది ఫోటోలో చూపించే పని కాదు.

ముందు పొయ్యి సంగతి తేల్చాలి. ఫోటోల్లో పొయ్యి ఐలాండ్ మీద ఉంటుంది, వండే ఆమె అతిథుల వైపు తిరిగి నవ్వుతూ ఉంటుంది. మన వంటకు అది కుదరదు. ఎండుమిరపకాయలతో తిరగవాత వేసినప్పుడు లేచే ఘాటును గోడకు బిగించిన చిమ్నీ పట్టగలదు. ఐలాండ్ పైన కప్పుకు వేలాడే చిమ్నీకి వెనక గోడ అండ ఉండదు. హాల్లో ఫ్యాన్ తిరిగితే పొగ పక్కకు జారిపోతుంది, ఇంటిల్లిపాదీ దగ్గుతారు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాశాలలో ఎస్.పి. రాజు 1950ల్లో పొగ లేని మట్టిపొయ్యి కోసం పాటుపడినప్పుడు కూడా పొగగొట్టం మీదే దృష్టి పెట్టారు. పొగకు ముందు దారి చూపించాలి, పొయ్యి చోటు దాన్ని బట్టి ఉండాలి. గ్యాస్ సంగతీ అంతే. సిలిండర్‌ నుంచి వచ్చే రబ్బరు గొట్టం మీటరున్నరకు మించకూడదు, పొయ్యి సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలి. పొయ్యి ఐలాండ్ మీదికి పోతే సిలిండర్ కూడా దాని కిందికే పోవాలి, గాలి ఆడని అరలోకి. గ్యాస్ గాలి కంటే బరువు, కారితే అక్కడే కింద నిలుస్తుంది.

వాస్తు చూసుకునేవాళ్లకు ఇందులో ఇబ్బందేమీ లేదు. ఆగ్నేయంలో వంటిల్లు, తూర్పు గోడకు పొయ్యి, తూర్పుముఖంగా వంట. తిరుమలలో శ్రీవారి వంటశాల అయిన పోటు కూడా ఆగ్నేయపు దిక్కునే ఉంది. ఆ పోటు దగ్గరే వకుళమాత కొలువై ఉంటుంది, కొడుకు నైవేద్యాలు సరిగా తయారవుతున్నాయా లేదా అని చూసుకోవడానికట. ప్రతి ఇంట్లోనూ ఒక వకుళమాత ఉంటుంది. ఆమెకు కుర్చీ ఎక్కడ వెయ్యాలన్నది ప్లాన్ గీసేవాళ్లకు తోచదు గానీ, పొట్టి చేతికి మొదటి పని అదే.

అందుకే ఆ చెయ్యి పొయ్యి వైపు కాకుండా హాలు వైపు తిరగాలి. పొయ్యి వైపు తిప్పితే వండే మనిషిని మూడు పక్కలా మూసేస్తుంది. ఆ మూడున్నర అడుగుల దారిలోకి ఇంకో గట్టు చొచ్చుకొస్తే మనిషి పక్కకు తిరిగి దూరాలి. హాలు వైపు తిప్పితే పొడుగు చెయ్యి వండే ఆమె వెనకే ఉంటుంది, వెనక్కి తిరిగితే కూరగాయలు, గిన్నెలు అందుతాయి. పొట్టి చేతి దగ్గర కూర్చున్నవాళ్లు ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు ఒలుస్తూ మాట్లాడతారు, కాళ్లకు అడ్డం పడరు.

ఇక ఎత్తు. ఈ విషయంలోనే చాలామంది దెబ్బ తింటున్నారు. అమెరికాలో గట్టు ఎత్తు 36 అంగుళాలు, అక్కడి మనుషుల ఎత్తును బట్టి కుదిరిన కొలత. మన దగ్గర ఐదడుగుల ఆడమనిషికి 32, 33 అంగుళాలు హాయి. తరగడానికి గట్టు మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుగా ఉండాలన్నది గుర్తు. అయితే సంగటి చేసే ఇంట్లో ఈ ఒక్క ఎత్తుతో పని జరగదు.

33 అంగుళాల గట్టు, దాని మీద నాలుగంగుళాల పొయ్యి, ఆ పైన పదంగుళాల గిన్నె. అంచు దాదాపు నాలుగడుగులకు చేరింది, అంటే ఐదడుగుల మనిషికి భుజం దగ్గర. ఉడికిన బియ్యంలో రాగిపిండి పోసి, మగ్గనిచ్చి, తెడ్డు గుచ్చి ఉండ కట్టకుండా గెలికేటప్పుడు బలమంతా పైనుంచి కిందికి దిగాలి. భుజం ఎత్తులో ఉన్న గిన్నెలో అది ఎలా కుదురుతుంది? అందుకే పెద్దవాళ్లు గిన్నె నేలకు దించి, గుడ్డ వేసి పాదాలతో బిగించి గెలుకుతారు. మాడ్యులర్ కిచెన్ వచ్చిన ఇళ్లలోనూ సంగటి పూట ఆమె మళ్లీ నేల మీదికే వస్తుంది. మోకాళ్లు మొరాయించే వయసులో అది పెద్ద శిక్ష.

పొట్టి చేతిని 28 అంగుళాలకు దించండి. గిన్నె అంచు 38 దగ్గర ఆగుతుంది, మోచేతి ఎత్తు. రాయి మీద జారకుండా కింద తడిపిన గోనెగుడ్డ చుట్ట పెట్టుకుంటే రెండు చేతులతో తెడ్డు పట్టి ఒరగవచ్చు. వెట్ గ్రైండర్‌కూ అదే ఎత్తు, చెనిక్కాయల ఊరిబిండి చేసుకునే రోలు ఇంట్లో ఉంటే దానికీ అదే. కుర్చీ కూడా మామూలుదే చాలు, బార్ స్టూళ్లు అక్కర్లేదు. డెబ్బై ఏళ్ల అవ్వను స్టూలెక్కించే వంటింటిని నేను వంటిల్లనను.

ఎత్తు తేడా పెట్టడంలో ఇంకో లాభం రాయి దగ్గర తెలుస్తుంది. ఒకే ఎత్తులో 'ఎల్' కట్టాలంటే మూలలో రెండు పలకల అతుకు కనిపిస్తుంది, పసుపునీళ్లు ముందు అక్కడే దిగుతాయి. ఐదంగుళాల మెట్టు ఉంటే ఆ అతుకే ఉండదు, రెండూ వేర్వేరు పలకలు. మన కుప్పం గ్రీన్ గానీ, నల్ల గ్రానైటు గానీ తీసుకుంటే మరకల బాధ తక్కువ. తెల్లరాయి మీద పసుపు పడితే మొండికేస్తుంది. కాళ్లు పెట్టుకోవడానికి పలకను అడుగు బయటికి వదులుతారు కదా, మామూలుగా దొరికే 18, 20 మిల్లీమీటర్ల పలకకు కింద ఇనుప ఆసరా లేకుండా అంత వదలొద్దు.

సింకు ఐలాండ్‌లో పెట్టకండి, అందులోనూ మేడ మీద. మురుగు పైపుకు వాలు కావాలి. అది నేలలోనన్నా దిగాలి, కిందింటివాళ్ల కప్పు కిందన్నా వేలాడాలి. సింకును తూర్పు గోడకే ఉత్తరం వైపు జరిపి పెడితే వాస్తుకూ సరి, పైపుకూ సరి. ఫ్రిజ్ దక్షిణం గోడకు పెడితే మరీ పడమరకు జరపకండి. సింకు, పొయ్యి, ఫ్రిజ్ మధ్య నడకను త్రికోణంగా చూడాలని 1940ల్లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పారు. ఆ మూడు దూరాలూ కలిపి 26 అడుగులు దాటకూడదు, నడుమ ఐలాండ్ మూల తగలకూడదు. కరెంటు మాత్రం ఐలాండ్‌కు తప్పనిసరి, మిక్సీ వైరు దారికడ్డంగా వేలాడితే ఎవరో ఒకరు పడతారు. దాని పైపు టైల్స్ వేయకముందే నేలలో వేయించాలి.

ఇదంతా కాగితం మీద తేలేది కాదు. గోడలు లేచాక నేల మీద ముగ్గుపిండితో ఐలాండ్ గీసి, మూలల్లో నాలుగు కుర్చీలు పెట్టి, వండే మనిషిని ఖాళీ చేతులతో ఒకపూట వంట చేసినట్టు తిరగమనండి. ఆమెకు తగిలిన కుర్చీ ఏదో చూసి గీత జరపండి.

ఆరు అంకణాలు లేనివాళ్లు దిగులుపడనక్కర్లేదు. పొడుగు చేతిని మానేసి, తూర్పు గట్టు ఉత్తరపు కొస నుంచి హాలు వైపు 28 అంగుళాల ఎత్తులో నాలుగడుగుల చెయ్యి ఒకటి చాపితే చాలు, మూడు అంకణాల వంటింట్లో కూడా ఇమిడిపోతుంది. అప్పుడు సింకు మాత్రం ఆ మలుపుకు రెండడుగులు ఇవతలికి జరగాలి.